చొక్కా ముక్కకి పడ్డ చేప

రోజూ రేవు దాటగానే ముసలాయన తెరచాప ఎత్తేవాడు, దర్జీ కడుపు పట్టుకుని కూర్చునేవాడు. ఇద్దరూ మామా అల్లుళ్ళు. ముసలాయన పడవలో రెండో మనిషి జారిపడి కాలు విరగ్గొట్టుకోవడంతో, "నాన్న ఒక్కరే ఎలా వెళ్తారు, మీరు తోడు వెళ్ళండి" అని పెళ్ళాం పోరుపెడితే దర్జీ కొట్టుకి తాళం వేసి వచ్చాడు. సూది పట్టినవాడు గాలం పట్టలేడా అని ఆవిడ వాదన. రెంటికీ మొన ఉంటుంది, నిజమే. కానీ కుట్టుమిషన్ అలా ఊగదు.

పని చూడ్డానికి ఏమంత లేదు. తెరచాప నిండా గాలితో పడవ పరుగెడుతుంటే వెనక పొడుగాటి తాడు, తాడు చివర గాలం, గాలానికి ఎరగా ఒక గుడ్డపీలిక. నీళ్ళలో పీలిక రెపరెపలాడుతుంటే చిన్న చేప పారిపోతోందనుకుని పెద్దది వెంటపడుతుంది. పడవ నెమ్మదిస్తే పీలిక ఉత్త పీలికే, ఏ చేపా మోసపోదు.

ఇక ఆ పీలిక ఎవరి ఒంటిమీది గుడ్డదైతే, పడ్డ చేప వాళ్ళ మాట చెప్పేది. ఒడ్డున ఆ మనిషి ఆ క్షణాన ఏమంటుంటే అదే మాట, అదే గొంతుతో. చెప్పేదాకా చెక్క మీద బుద్ధిగా పడుకునేది, చెప్పాక ఎగిరెగిరి పడేది. అప్పుడు ముసలాయన దుడ్డుకర్రతో నెత్తిన ఒక్కటి వేసి బుట్టలో పడేసేవాడు. ఎవరూ తొడుక్కోని కొత్త గుడ్డ అయితే మూగ చేపే వచ్చి, వచ్చిన క్షణం నుంచే ఎగిరేది. ఇదంతా రేవులో అందరికీ తెలిసిందే. తమ మాటలు మొగుడి చెవిన పడకూడదనుకున్న ఆడవాళ్ళు అత్తగారి పాత గుడ్డలు చింపి ఇచ్చేవాళ్ళు. అత్తగార్లేం తక్కువ తినలేదు, పడవలు తిరిగొచ్చేదాకా కోడళ్ళ గురించే మాట్లాడేవాళ్ళు.

ముసలాయన ఎప్పుడూ కూతురి చిన్నప్పటి పసుపు గౌను పీలికలే కట్టేవాడు. తల్లిలేని పిల్ల. ఇంట్లో ఒక్కదాన్నే వదిలి వచ్చే రోజుల్లో అలవాటైంది. "చేసుకుంటే ఆ దర్జీనే చేసుకుంటా" అన్న సంగతి కూడా ఆయన ఒక వంజరం నోటే విన్నాడు. ఆ చేపకి మాత్రం నాలుగు దెబ్బలు ఎక్కువ పడ్డాయంటారు.

ఇప్పుడు ఆ అమ్మాయి నిండు చూలాలు. ఇంకా టైముంది, భయం లేదు, వెళ్ళిరండి అని మంత్రసాని చెప్పింది.

ఆ రోజు పడ్డ మొదటి చేప, "ఈ ఉప్పు డబ్బాకి కాళ్ళొచ్చాయా ఏంటి?" అంది.

"స్టవ్వు వెనకాల చూడు," అన్నాడు దర్జీ.

"దాంతో ఏం చెప్తావయ్యా? మాట ఇటు వస్తుందే గానీ అటు పోదు," అని ముసలాయన కర్ర ఎత్తాడు.

రెండో చేప కాసేపు ఊరికే పడుకుంది. తర్వాత పళ్ళ బిగువున, "అమ్మా..." అంది.

ముసలాయన కర్ర ఎత్తలేదు.

"నడుం పట్టేసిందేమో," అన్నాడు దర్జీ నీరసంగా.

"నీ మొహం," అని ముసలాయన చుక్కాని తిప్పేశాడు.

గాలి ఒడ్డు నుంచి వీస్తోంది. ఇల్లు సరిగ్గా దానికి ఎదురు. ఎదురుగాలికి తెరచాప పడవ తిన్నగా పోలేదు, కాసేపు ఆ పక్కకి, కాసేపు ఈ పక్కకి వంకర్లు తిరుగుతూ నత్తనడక నడవాల్సిందే. ఆ నడకకి గాలానికి ఏదీ పడదు. ఇంటివైపు వెళ్తున్నంతసేపూ ఇంట్లో ఏం జరుగుతోందో తెలియదు. తెలుసుకోవాలంటే వెనక్కి తిరిగి గాలివాటున పరుగెత్తాలి, అంటే ఇంటికి ఇంకా దూరం కావాలి. దర్జీకి ఏడుపొచ్చింది.

"మామయ్యా, ఒక్కసారి తిప్పండి. ఒక్క చేప, ఒక్క మాట వింటే చాలు."

"విని ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను... వింటాను."

"దాని దగ్గరికి పోవడం ముఖ్యమా, దాని మాట వినడం ముఖ్యమా?"

"మనం పోయేసరికి మాట ఉంటుందో లేదో ఎవరికి తెలుసు?"

అనేసి దర్జీ నాలిక కరుచుకున్నాడు. ఒడ్డు సన్నటి గీతలా కనిపిస్తోంది, ఎంత పోయినా గీతగానే ఉంది. ఆఖరికి ముసలాయనే, అల్లుడి మొహం చూడకుండా, పడవని గాలివాటుకి తిప్పాడు.

పడవ రివ్వున పోయింది. తాడు బిగిసింది. వచ్చిన చేప చెక్క మీద పడుకుని, "నాన్న రాలేదా? ఆయనా రాలేదా?" అని ఇద్దరి గురించీ అడిగింది.

"వస్తున్నామమ్మా, వచ్చేస్తున్నాం," అన్నాడు ముసలాయన చేపతో.

మళ్ళీ గాలం వేశారు. ఈసారి పట్టింది ఏదో పెద్దది. ఒక్క గుంజు గుంజి గాలాన్నీ పీలికనీ తెంపుకుని పోయింది. ఆ మాటేమిటో సముద్రంలోనే ఉండిపోయింది. పడవలో పసుపు గుడ్డ అదే ఆఖరుది.

మళ్ళీ ఇంటివైపు తిరిగారు. దర్జీ జేబులన్నీ తడుముకున్నాడు. పుట్టబోయే బిడ్డకని చారల చొక్కా కుట్టగా మిగిలిన వేలెడు ముక్క దొరికింది. దాన్నే కొత్త గాలానికి కట్టాడు.

"దాన్నింకా ఎవరూ తొడుక్కోలేదు కదయ్యా. మూగది పడుతుంది."

"పడనివ్వండి. చేతులు ఊరికే పెట్టుకు కూర్చోలేకపోతున్నాను."

ఉన్నట్టుండి ఒక జోరు గాలి కొట్టి పడవ ఒక్క ఊపున ముందుకు దూకింది. ఆ ఊపులోనే తాడు బిగిసింది.

మూరెడు కూడా లేని వంజరం పిల్ల. చెక్క మీద వేస్తే ఎగరలేదు, బుద్ధిగా పడుకుంది. ఎగరలేదంటే ఆ చొక్కా ఎవరో తొడుక్కున్నారన్నమాట.

"పుట్టింది!" అని అరిచాడు దర్జీ. "మామయ్యా, పుట్టేసింది! చొక్కా తొడిగేశారు!"

ముసలాయన నవ్వలేదు. చేప నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. శబ్దం రాలేదు.

"ఏడవదేం?" అన్నాడు దర్జీ.

చేప ఒంటి మీద మెరుపు పోయి బూడిదరంగు తిరుగుతోంది. పుట్టి ఏడవని బిడ్డకి చొక్కా ఎందుకు తొడుగుతారో ముసలాయనకి తెలుసు. కూతురికంటే ముందు పుట్టినవాడికి తన ఇంట్లోనే ఒకసారి తొడిగారు. కాసేపటికి దర్జీకి కూడా అర్థమైంది. అతను కూలబడిపోయాడు.

"లే. చుక్కాని పట్టుకో," అన్నాడు ముసలాయన.

"నాకు రాదు మామయ్యా..."

"గాలివాటుకి తిప్పు. పడవ పరుగు ఆగకూడదు."

"ఇల్లు ఇటు కదా!"

"తిప్పమన్నానా!"

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేపల నెత్తిన కర్ర వేసిన మనిషి, ఆ పిల్లదాని నోట్లోంచి గాలం తీసి, పడవ అంచు మీద బోర్లా పడుకుని, దాన్ని రెండు చేతులా నీళ్ళలోకి దింపాడు. ఒక చెయ్యి పొట్ట కింద, ఒక చెయ్యి తోక దగ్గర, తల పడవ పోయే వైపు. వంజరం ఒకచోట నిలబడి ఊపిరి తీయలేదు. నీళ్ళు నోట్లోకి పోయి మొప్పల్లోంచి బయటికి పారుతుంటేనే దానికి ప్రాణం. పడవ పరుగెడితేనే నీళ్ళు పారతాయి. పడవ ఇంటికి వీపు పెట్టి పరుగెత్తింది. అంతకు మించి వాళ్ళ చేతుల్లో ఏమీ లేదు.

ముసలాయన చేపని ముందుకు తోసి, నెమ్మదిగా వెనక్కి తెచ్చి, మళ్ళీ ముందుకు తోస్తున్నాడు. చేతులు మొద్దుబారిపోయాయి. "ఊపిరి తియ్యమ్మా, తియ్యి నాన్నా," అంటున్నాడు, ఆడో మగో తెలియక. దర్జీ కళ్ళు మూసుకుని చుక్కానికి వేలాడుతున్నాడు.

తోక ఒక్కసారి అరచేతిని తట్టింది. చేప తల నీళ్ళ పైకి ఎత్తి, కేరుమని ఏడ్చి, ఆయన చేతుల్లోంచి జారి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత గాలం వేయలేదు. వేయడానికి గుడ్డా లేదు, ధైర్యమూ లేదు. ఎదురుగాలికి అటూ ఇటూ తిరుగుతూ రేవు చేరేసరికి పొద్దు వాలిపోయింది.

మంత్రసాని గుమ్మంలో చేతులు కడుక్కుంటోంది. "తల్లికేం భయం లేదు," అంది ముందుగా. "బిడ్డ పుట్టి ఏడవలేదు. నాకు తెలిసినవన్నీ చేశాను. ఇక లాభం లేదని, ఉత్త ఒంటితో సాగనంపడం ఎందుకని, ఆ చారల చొక్కా తొడిగి పక్కన పడుకోబెట్టాను కూడా. అప్పుడు ఏడ్చింది. చొక్కా ఎలా తడిసిందో ఏమో, చేతులు ఎన్నిసార్లు కడిగినా ఉప్పునీళ్ళ వాసనే."

లోపల కూతురు గోడకి ఆనుకుని ఉంది. "ఎంత పిలిచాను. ఎక్కడున్నారు ఇద్దరూ?" అంది.

దర్జీ బిడ్డ మీదికి వంగాడు. ఆడపిల్ల. పెదవి మూల చిన్న గాటు ఉంది, సరిగ్గా గాలం దిగిన చోట. దాన్ని చూసి అతను భార్య చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయాడు.

బిడ్డ ఏడుపు అందుకుంది. ముసలాయన ఎత్తుకున్నాడు. ఒక చెయ్యి పొట్ట కింద, ఒక చెయ్యి కాళ్ళ దగ్గర. ముందుకు తోసి, నెమ్మదిగా వెనక్కి తెచ్చి, మళ్ళీ ముందుకు.

"పిల్లల్ని అలా ఊపరు నాన్నా, పక్కలకి ఊపుతారు," అంది కూతురు.

"దీనికి ఇదే అలవాటమ్మా," అన్నాడాయన.

ఏడుపు ఎప్పుడో ఆగిపోయింది. ఆయన మాత్రం ఊపుతూనే ఉన్నాడు. ఆపితే ఏమవుతుందోనని భయం.