చిట్టి అనని మాట

రిపోర్టు మూడో పేజీలో ఆ రెండు కొటేషన్ మార్కులు కంటపడగానే పిల్లల సంక్షేమ శాఖ కేస్ వర్కర్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. విచారణకు ఇంకా ఇరవై నిమిషాలే ఉన్నాయి. తన చేతిరాతే, స్పష్టంగా కనిపిస్తోంది: "నాన్న కొడతాడు, ఇంటికి వెళ్ళను" అని పాప చెప్పింది.

పాప ఆ మాట అనలేదు.

అసలు ఏడేళ్ళ చిట్టి ఏ మాటా అనలేదు. మూడు వారాలుగా అమ్మమ్మ దగ్గర ఉంటోంది. కేస్ వర్కర్ అక్కడికి చూడడానికి వెళ్ళిన రోజు మెట్ల మీద తండ్రి గొంతు వినబడగానే బీరువాకూ గోడకూ మధ్య దూరి, గంటసేపు బయటికి రాలేదు. ఆ సాయంత్రం ఆరు రిపోర్టులు రాయాల్సిన తొందరలో, పిల్ల మనసులో ఉన్నది అదే కదా అనుకుని, ఈవిడే ఒక వాక్యం కట్టి కొటేషన్లలో పెట్టేసింది. చెవులారా విన్న మాటకే ఆ గుర్తులు పెట్టాలని శిక్షణలో చెప్పినప్పుడు, ముందు వరసలో కూర్చుని తల ఊపింది కూడా!

తండ్రి పిల్లని కొడుతున్నాడని ఫిర్యాదు చేసిన పక్కింటివాళ్ళు మాట మార్చేశారు. ఇక మిగిలింది ఈ ఒక్క వాక్యమే. ఇదీ పోతే మధ్యాహ్నానికల్లా చిట్టి తండ్రి వెంట వెళ్ళిపోతుంది.

"పిల్లని పంపించెయ్యరు కదమ్మా?" విచారణ గది బయట, పక్కన బెంచీ మీద కూర్చున్న అమ్మమ్మ అడిగింది. చిట్టి ఆవిడ ఒళ్ళో ముఖం దాచుకుని ఉంది. కేస్ వర్కర్ రిపోర్టు మూసి గదిలోకి నడిచింది.

లోపల తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని చాలా మర్యాదగా కూర్చున్నాడు. విచారణాధికారి కళ్ళద్దాలు సర్దుకుని మూడో పేజీ తీశాడు.

"ఇది పాప అన్న మాటేనా? ఉన్నదున్నట్టు ఇలాగే అందా?"

అవునంటే సరిపోతుంది. ఎవరికి తెలుస్తుంది? కానీ రేపు చిట్టిని పిలిచి అడిగితే?

"లేదండి. అది నా మాట. పాప నోటితో ఏమీ చెప్పలేదు." చూసిందంతా చెప్పింది. అధికారి ఆ వాక్యం మీద అడ్డగీత కొట్టేశాడు. చేజేతులా పిల్లను అప్పగించేశానని ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

తండ్రి నవ్వాడు. "నేను మొదట్నించీ చెప్తూనే ఉన్నా కదండీ! నా కూతురు బయటివాళ్ళ ముందు నోరు విప్పదు. విప్పితే ఏమవుతుందో దానికి బాగా తెలుసు."

అధికారి పెన్ను ఆగింది.

"ఏమవుతుంది?"

"అంటే... పిల్లలకి భయం ఉండాలి కదండీ."

అధికారి కేస్ వర్కర్ వైపు తిరిగాడు. "ఆయన అన్నది రాయండి. ఒక్క ముక్క కూడా అటూఇటూ కాకూడదు."

ఆమె కొటేషన్ తెరిచింది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ రాసి, చుక్క పెట్టి, మూసింది. పైకి చదివింది.

"ఇది మీ మాటేనా?" అధికారి అడిగాడు.

"నేనన్నదే. అందులో తప్పేముంది?" అన్నాడు తండ్రి, అధికారిని కాకుండా ఆమెనే చూస్తూ.

పాప అమ్మమ్మ దగ్గరే ఉండాలని ఆర్డరు వేశాడు అధికారి. చేసిన తప్పుకు సంజాయిషీ రాసివ్వమని ఆమెకూ చెప్పాడు. ఆమె ఫైలు తీసుకుని లేచింది. అప్పటికే తండ్రి తలుపు దగ్గరికి నడిచి గడియ మీద చెయ్యి వేశాడు. తలుపు అవతలే చిట్టి, అమ్మమ్మ కూర్చున్న బెంచీ.

ఆమె గబగబా వెళ్ళి అతనికీ తలుపుకీ మధ్య నిలబడింది.

"మీరు కాసేపు కూర్చోండి. వాళ్ళు వెళ్ళాక వెళ్దురుగాని."

తలుపుకి వీపు ఆనించింది. ఇక కదల్లేదు.