పనికిరానివి

రంగుల ఫ్యాక్టరీలో నీళ్ళు పరీక్షించే పని ఆమెది. ఆ ఉద్యోగం ఇప్పించింది మేనమామే. తండ్రి పోయాక వేలు పట్టుకుని బడికి తీసుకెళ్ళినవాడు, ఇప్పుడక్కడ మేనేజరు. ఆయన గీసిన గీత ఆమె ఏనాడూ దాటలేదు.

ఒకరోజు మామయ్య ఆమె చేతిలో ఓ ఫారం పెట్టాడు.

"ఫ్యాక్టరీ వెనకున్న చిత్తడినేలలో ఏమేం బతుకుతున్నాయో ఏడాదిపాటు చూసి రాయమ్మా. నీకున్న ఓపిక ఇంకెవరికుంది?"

మోకాల్లోతు బురదలో ఏడాది తిరిగింది. రెల్లు, జమ్ము, నత్తలు, తూనీగలు, వేలెడంత లేని చేపలు, అన్నీ కలిపి రెండొందల పధ్నాలుగు రకాలు. ఫారంలో ఉన్నవి మాత్రం రెండే గడులు: పనికొచ్చేవి, పనికిరానివి.

"తూనీగని ఎందులో వెయ్యను మామయ్యా?"

"సంతలో పెడితే ఎవరైనా కొంటారా?"

"తూనీగనా? ఎవరు కొంటారు!"

"మరింకేం, రెండో గడిలో వేసెయ్. ఏదో లాంఛనంలే. తర్వాత చుట్టూ కంచె కట్టించి కాపాడదాం."

కాపాడతానన్నాడు కదా అని వేసేసింది. పనికొచ్చేవి తొమ్మిది తేలాయి.

ఆర్నెల్లకు చిత్తడి ఒడ్డున గొట్టాలు దిగాయి. ఆఫీసు గోడకు అనుమతి కాగితం అంటించారు. 'ఈ బురదనేలలో విలువైనదేదీ లేదని నివేదిక. రంగునీరు వదలవచ్చు.' నివేదిక ఇచ్చినవారు అన్నచోట ఆమె పేరు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది ఆమె పని. విసురుగా మామయ్య గదిలోకి వెళ్ళింది.

"కంచె కట్టిస్తానన్నావు!"

ఆయన తలెత్తలేదు. "అదే అడవో సెలయేరో అయితే జనం ఊరుకునేవారా? ఇది బురదమ్మా. బురద కోసం ఎవరేడుస్తారు?"

"మరి నాచేత ఎందుకు రాయించావు?"

"నువ్వు రాస్తే ఎవరూ అనుమానించరని."

ఆమె చిత్తడిలో చూసినవన్నీ రాసుకున్న తన లెక్కల పుస్తకం తీసుకుని అనుమతులిచ్చే ఆఫీసుకు వెళ్ళింది. అధికారిణి పేజీలన్నీ తిప్పి అడిగింది.

"ఇదీ మీరే రాశారు, అదీ మీరే రాశారు. ఏది నమ్మమంటారు?"

"పుస్తకం. ఫారంలోదీ నా రాతే, తప్పు నాదే. ఎవరూ కొననివన్నీ పనికిరానివని ఒప్పేసుకున్నాను."

మళ్ళీ తనిఖీ జరగాలన్నారు. తనిఖీదారులు వచ్చేసరికే సగం చిత్తడి నీలంగా మారి, చేపలు వెల్లకిలా తేలాయి. గొట్టాలు మూయించారు. మిగతా సగం బతికింది.

ఆ ఆదివారం మామయ్య ఎప్పట్లాగే భోజనానికి వచ్చాడు. అమ్మ ఇద్దరికీ పక్కపక్కనే వడ్డించింది. ఆమె తన కంచం తీసుకుని పెరటివైపు వెళ్ళి, గడప మీద కూర్చుని ఒక్కతే తిన్నది.