పన్ను పీకిందెవరు?

"ఆ మాయదారి మిషను తప్పు చేస్తే దాన్నేమీ జైల్లో పెట్టరు కదే! ఎవర్నో ఒకర్ని పట్టుకోవాలిగా. అందరికంటే చేతికందేది నువ్వే!"

చెప్పుల్లో కాళ్లు దూరుస్తున్న కూతురు, "అమ్మా, పొద్దున్నే నీ నోట ఒక్క మంచిమాట రాదా?" అని విసుక్కుని, తను అసిస్టెంటుగా పనిచేసే పళ్ల ఆసుపత్రికి వెళ్లిపోయింది.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆ తల్లికి కీడు ఎంచడం పూర్తయ్యేసరికే పొద్దు గూకేది. కూతురు తుమ్మితే న్యుమోనియా, ఫోను ఎత్తకపోతే యాక్సిడెంటు.

ఆ వారంలోనే కొంప మునిగింది. ఎక్స్‌రే చూసి పుచ్చిన పన్నేదో చెప్పే ఆ కొత్త మిషను, కుడి దవడ నొప్పితో వచ్చిన లెక్కల మాస్టారికి ఎడమవైపు పన్ను చూపించింది. డాక్టరుగారు నిక్షేపంలాంటి పన్ను పీకేశారు.

మర్నాడు ఆసుపత్రిలో, డాక్టరుగారి గదిలో పంచాయితీ. తల్లి పిలవకుండానే వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

"మా మిషను సలహా ఇస్తుందంతే, పీకమనదు," అన్నాడు మిషను అమ్మిన కంపెనీ మనిషి.

"మిషను చూపించిన పన్నుకి తెర మీద 'సరే' నొక్కింది ఈ అమ్మాయి. రేపట్నుంచి రావద్దంటే సరి," అన్నాడు ఆసుపత్రి మేనేజరు.

"అంటే మిషనూ పీకలేదు, ఆసుపత్రీ పీకలేదు. నా పన్నే విసుగేసి లేచిపోయిందా?" అన్నారు మాస్టారు, బుగ్గ పట్టుకుని.

కూతురు తల దించుకుంది. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. ఈ మచ్చ పడ్డ పిల్లని మరే ఆసుపత్రి గడప తొక్కనిస్తుంది? తల్లి లేచింది.

"నా చదువు అంతంతమాత్రం బాబూ. డాక్టరుగారి చేతులకి గ్లౌజులుంటాయి, తెర ముట్టుకోరు. ఎవరో ఒకరు 'నొక్కమ్మా' అంటేనే మా పిల్ల నొక్కుతుంది. మరి నిన్న నొక్కమన్నదెవరు?"

"అసలు మిషను..." అని అందుకున్నాడు కంపెనీ మనిషి.

"దానికి నోరెక్కడిది నాయనా? నోరున్నవాళ్లనే అడుగుతున్నా."

మేనేజరు ఆరిపోయిన ఫోను వంక చూస్తూ కూర్చున్నాడు. డాక్టరుగారు కళ్లద్దాలు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీసి తుడిచారు. మాస్టారు కుర్చీ ఆయన వైపు తిప్పుకున్నారు.

డాక్టరుగారు కళ్లద్దాలు బల్ల మీద పెట్టేశారు.

"నేనేనమ్మా. తెర వైపు చూడకుండానే అన్నాను."