అట్ల పెనం మీద చపాతీ

నేను ఒక పెనాన్ని. ఆ మాట వినగానే మీలో సగంమందికి చపాతీ గుర్తొచ్చి ఉంటుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. నేను అట్ల పెనాన్ని. ఈ తేడా తెలియని ఒక మంచి మనిషి వల్ల, విమానమెక్కి వెళ్ళిన చోట, కుదరబోతున్న పెళ్ళొకటి నా ముఖం మీదే చెడబోయింది. మనుషులు ఆ సంగతిని ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకుంటారు. పొయ్యి మీద కూర్చున్నదాన్ని నేను కనక నేను చెప్పేదే వినండి.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పోత ఇనుము షెడ్డులో పుట్టాను. మా పూర్వీకుల్లో ఒకాయన పొలం మోటారు పంపు, ఇంకొకాయన లారీ బ్రేకు డ్రమ్ము. అందరినీ కలిపి కరిగించి ఇసక అచ్చులో పోస్తే నేనయ్యాను. నేను ఒక పట్టాన వేడెక్కకపోవడానికీ, ఎక్కితే ఒక పట్టాన చల్లారకపోవడానికీ ఆ బ్రేకు డ్రమ్మే కారణమని నా నమ్మకం.

నన్ను కొన్నావిడ గుడివాడ శేషారత్నంగారు. దుకాణంలో వేలి కణుపుతో నా మీద టకటకా కొట్టి, చెవి ఒగ్గి విని, పగులు లేదని తేల్చుకుంది. పెళ్ళికొడుకులని కూడా ఇలా కొట్టి చూసుకునే వీలుంటే ఎంత బాగుండేదో అని అక్కడే అంది. పక్కన ఆవిడ భర్త సంచీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన సంచీలోకి చూసుకున్నాడు.

ఇంటికి తెచ్చి గంజిలో నానబెట్టింది, తోమింది, నువ్వులనూనె రాసి సన్నటి సెగ మీద మాడ్చింది, సగం కోసిన ఉల్లిపాయతో రుద్దింది. మళ్ళీ మాడ్చింది. అలా చేయగా చేయగా నా ముఖం మీద నల్లటి నునుపు దిగింది. అది మసి కాదు, నా చదువు. ఆ ఇంట్లో నాకు సంబంధించి రెండే కట్టుబాట్లు: సబ్బు తగలకూడదు, చపాతీ పడకూడదు. పొడిపిండి మాడి నా నునుపును పీల్చేస్తుంది, ఆ తరవాత అట్టు వేస్తే లేవనంటుంది. ఇంటికొచ్చిన కోడళ్ళకి తాళంచెవుల కన్నా ముందు ఈ సంగతే చెప్పేవారు.

అలా ముప్ఫై ఏళ్ళు గడిచాక ఆవిడ మనవరాలు మృదులకి సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు ఫణీంద్ర. తెలుగువాడే గానీ తండ్రి రైల్వే ఉద్యోగం మూలాన బిలాస్‌పూర్ క్వార్టర్లలో పెరిగాడు. ఐదేళ్ళుగా ఫిన్లాండ్ దేశంలో టాంపెరె అనే ఊళ్ళో యంత్రాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఫోన్లో మాట్లాడుకున్నారు, ఒకరికొకరు నచ్చినట్టే ఉన్నారు. ఈలోగా మృదులకి అదే ఊళ్ళో మందులు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం వచ్చింది, కొత్త సంవత్సరంలో చేరాలి. ఇంకేం, ముందు పెళ్ళి చేసేస్తే ఇద్దరూ కలిసి వెళ్తారని పెద్దవాళ్ళు పంచాంగం తీశారు.

మృదుల ఆ పంచాంగం మూసింది. సెప్టెంబరులోనే తను ఒక్కతే వెళ్తానంది, వేరే గది అద్దెకి తీసుకుంటానంది. వాళ్ళమ్మ ఇందుమతి ఎందుకే అని అడిగితే చెప్పింది.

"పెళ్ళయ్యాక వెళ్తే ఫణిగారింటికి వెళ్ళినట్టు. ఉద్యోగంలో చేరాక వెళ్తే ఆఫీసుకి వెళ్ళినట్టు. ఒక్కసారి ఆ ఊరికి వెళ్ళినట్టు వెళ్ళనివ్వమ్మా. నచ్చితే ఉంటాను, నచ్చకపోతే వచ్చేస్తాను. ముహూర్తం అప్పుడే పెట్టకండి."

ఇందుమతి తలపట్టుకుంది. శేషారత్నంగారు మాత్రం తాంబూలం బుగ్గన పెట్టుకుని అంది: "వెళ్ళనియ్యవే. మీ నాన్నని చేసుకునే ముందు గుడివాడ ఎట్టా ఉంటదో నాకెవరూ చూపించలా. చూపిస్తే వచ్చేదాన్నో లేదో." తరవాత మనవరాలి వైపు తిరిగింది. "అట్లతద్ది దాకా గడువు. ఆ రోజు అవునో కాదో చెప్పెయ్. ఇంకా చూస్తాను, ఇంకా ఆలోచిస్తాను అంటే కుదరదు, పిల్లాడి తల్లిదండ్రులకి సమాధానం చెప్పుకోవాలి."

అట్లతద్ది పెళ్ళికాని పిల్లలు మంచి మొగుడు రావాలని గౌరమ్మకి అట్లు నైవేద్యం పెట్టే పండగ. మంచివాడు వచ్చాడో లేదో తేల్చుకోవడానికి అంతకన్నా తగిన రోజు ఏముంటుంది? ఆ తరవాత ఆవిడ నన్ను తెచ్చి మనవరాలి ఒళ్ళో పెట్టింది. అక్కడ దీని మీద అట్టు లేచిందంటే ఆ దేశంలో నువ్వు నిలదొక్కుకున్నట్టే లెక్క అంది. నా బరువు చూసుకుని మృదుల రెండు స్వెట్టర్లు పెట్టెలోంచి తీసేసింది. చలిదేశానికి వెళ్తూ ఇనుము కప్పుకుంటుందా అని ఇందుమతి ఆ స్వెట్టర్లని చాలాసేపు చేత్తో పట్టుకుని నిలబడింది.

టాంపెరెలో ముందు నాకే కాలు నిలవలేదు. అక్కడి పొయ్యి నున్నటి నల్ల అద్దం. నాకేమో అడుగున కాస్త బొజ్జ. కూర్చోబెడితే గిర్రున తిరిగేదాన్ని. మృదుల పరిస్థితీ అంతే. బస్సులో ఎవరి పక్కనైనా కూర్చుంటే వాళ్ళు లేచి వేరే సీటుకి వెళ్ళేవారు. అది అవమానం కాదనీ, అక్కడ మర్యాద అలాగే ఉంటుందనీ తెలియడానికి ఆమెకి కొన్నాళ్ళు పట్టింది. భాష నేర్పే క్లాసుకి వెళ్ళి, సాయంత్రం వచ్చి, నా ఎదురుగా నిలబడి ఆ పొడుగాటి మాటలు వల్లెవేసేది. నాకు వచ్చేశాయి. ఆమెకే ఆలస్యమైంది.

ఫణి ప్రతి శనివారం వచ్చేవాడు. మంచివాడు. అక్కడే వచ్చింది ఇబ్బంది. ఆమె బస్సు కార్డు కొనుక్కుందామనుకునేలోగా కొని తెచ్చేవాడు. కొట్లో ఆమె మాటలు కూడబలుక్కుంటూ ఉంటే, పాపం కష్టపడుతోందని తను చెప్పేసేవాడు. ఒకసారి ఆమె స్నానానికి వెళ్ళి వచ్చేలోగా అలమరలో డబ్బాలన్నీ పొడుగు ప్రకారం సర్దిపెట్టాడు. ఆ వారమంతా ఆమె ఉప్పు వెతుక్కుంది. ఇవేవీ పోట్లాడదగ్గ నేరాలు కావు. థాంక్సండీ అనేది, తలుపు వేశాక నిట్టూర్చేది.

నా అడుగున ఇనప చుట్టు పెట్టి పొయ్యి మీద నిలబెట్టడం మాత్రం ఆమె తనే నేర్చుకుంది. పిండి పులియకపోవడం మరో కథ. గది చల్లగా ఉంది. ఆ భవనంలో అందరికీ కలిపి కింద ఒక ఆవిరి గది ఉంది, సౌనా అంటారు, వారానికోసారి ఒక్కో ఇంటికి వంతు. తన వంతు రోజున మృదుల తను వెళ్ళకుండా పిండి గిన్నెను పంపింది. వేడి తగ్గాక చెక్క బల్ల మీద గిన్నె పెట్టి పైకి వచ్చి నిద్రపోయింది. పొద్దున తలుపు చప్పుడైంది. కింది వాటాలో ఉండే పెద్దావిడ ఐనో, ఒంటికి తువ్వాలు చుట్టుకుని, పొంగి అంచులు దాటిన గిన్నెను రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. ఇది ఊపిరి పీలుస్తోంది అంది. మృదుల నేర్చుకున్న భాషంతా ఆ క్షణాన ఆవిరైపోయింది. ఏం చెప్పాలో తెలియక లోపలికి పిలిచి నా మీద అట్టు వేసి పెట్టింది.

చక్కగా లేచింది. అంచులు ఎర్రగా, మధ్యలో మెత్తగా. ఐనో తిని, నన్ను వేలితో తాకి, తన దగ్గరా ఇలాంటిదే ఒకటుందనీ, వాళ్ళమ్మదనీ, పల్చటి తీపి అట్లు వేస్తుందనీ చెప్పింది. ఆ రోజు మృదుల అమ్మమ్మకి ఫోన్ చేసి, లేచింది అని ఒక్కమాట అంది. ఊరి సంగతి తేలిపోయింది. ఇక మిగిలింది మనిషి సంగతి.

అట్లతద్ది వారంలో మృదులకి జ్వరం వచ్చింది. ఫణికి తెలిసి పరిగెత్తుకొచ్చాడు. ఆమెకి కాఫీ ఇచ్చి, దుప్పటి కప్పి, పడుకోమని చెప్పి, వంటింట్లోకి వచ్చాడు. సంచీలోంచి గోధుమపిండి తీశాడు. నాకు గుండె ఉంటే అప్పుడు ఆగేది.

బిలాస్‌పూర్‌లో జ్వరానికి వేడి రొట్టె, పప్పునీళ్ళు. ఆ పిల్లాడికి తెలిసిన ప్రేమ అదే. నా మీద వరసగా చపాతీలు కాల్చాడు. పొడిపిండి మాడింది, కంపు కొట్టింది, నా ముఖం బూడిద రంగుకి తిరిగింది. దానికే ఊరుకుంటే బాగుండేది. అయ్యో, ఎంత నల్లగా ఉందో అనుకుని, సబ్బూ ఇనపపీచూ తీసుకుని, చొక్కా చేతులు మడిచి, ఒక గంటసేపు నన్ను తోమాడు. ముప్ఫై ఏళ్ళ చదువు సింకులోంచి కారిపోయింది. కడిగి, తుడవకుండా ఆరబెట్టాడు. తెల్లారేసరికి తుప్పు పట్టి, గోరింటాకు పెట్టుకున్న అరచేయిలా ఉన్నాను.

పొద్దున్నే అతను మళ్ళీ వచ్చేసరికి మృదుల సింకు దగ్గర నిలబడి ఉంది. అతను సంతోషంగా, ఎన్నేళ్ళ మురికో, మొత్తం వదిలించానని చెప్పాడు. ఆమె తుప్పంటిన వేలు అతనికి చూపించింది.

"ఇది నా పెనం, ఫణిగారూ. మీకు తెలియకపోవడం తప్పు కాదు. అడగాలని తోచకపోవడమే నాకు భయమేస్తోంది. రేపు నన్ను కూడా ఇలాగే బాగుచేసేస్తారు."

అతను సరే అన్నాడు. ఏది విన్నా ముందు సరే అనడం అతని అలవాటు. మెట్లు దిగుతున్న చప్పుడు చాలా నెమ్మదిగా వినిపించింది. ఆమె నన్ను చీకటి అలమరలో పెట్టేసింది. అమ్మమ్మకి ఫోన్ చేసి పెనం పోయింది అంది. తరవాత చాలాసేపు పెనం గురించే మాట్లాడినట్టు మాట్లాడింది. అవతల ఆవిడ అంతా విని, పెనం సంగతి నేను చూసుకుంటాలే, జ్వరం తగ్గించుకో అంది.

సాయంత్రం తలుపు చప్పుడైంది. ఫణి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఎప్పుడూ బూట్లు విప్పుతూ లోపలికి నడిచేవాడు, ఆ రోజు విప్పలేదు.

"లోపలికి రావచ్చా?" అన్నాడు. "మీ అమ్మమ్మగారికి ఫోన్ చేశాను. ఏం తప్పు చేశానో చెప్పించుకున్నాను. ఆవిడ తిట్టారు కూడా. పెనాన్ని బాగుచేసే పద్ధతి చెప్పారు. కానీ మిమ్మల్ని అడగకుండా దాన్ని ముట్టుకోవద్దన్నారు. అందుకని అడుగుతున్నాను."

మృదుల తలుపు గడియ పట్టుకునే ఉంది. అతను నిలబడ్డాడు. ఇంకా నిలబడ్డాడు. కొట్లో ఆమె మాటలు కూడబలుక్కునేటప్పుడు ఇలా నిలబడి ఉంటే ఎంత బాగుండేదో అని నేను అలమరలోంచి అనుకున్నాను. చివరికి ఆమె పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.

తరవాతి సాయంత్రాలు నాకు మళ్ళీ బడి. ఫోన్ గోడకి ఆనించి ఉండేది, అందులో శేషారత్నంగారి గడ్డమూ సగం ముక్కూ కనిపించేవి. "గట్టిగా రుద్దు బాబూ, అది నీ పెళ్ళాం కాదు, పెనం," అనేది. నూనె పొగకి అలారం మోగితే ఐనో చీపురుకర్రతో వచ్చి దాన్ని నొక్కి ఆపేది. నా వంక చూసి, ఏమీ అడగకుండా కిందికి వెళ్ళి, తను వాడే పంది కొవ్వు ముక్క కాగితంలో చుట్టి తెచ్చి ఇచ్చింది. అదేమిటని ఫోన్లోంచి అమ్మమ్మ అడిగింది. ఫణి వెన్న అన్నాడు. ఆ అబద్ధానికి మృదుల, నేను పాడయ్యాక మొదటిసారి, నవ్వింది. ఆ ముక్క ఇప్పటికీ ఫ్రిజ్ అడుగున ఉంది.

అట్లతద్ది రోజున మృదుల పిల్లల పార్కుకి వెళ్ళి, గోరింటాకు చేతులకి గ్లవ్స్ తొడుక్కుని, ఉయ్యాల ఊగింది. ఆచారం ఆచారమే కదా. ఐనో పక్క ఉయ్యాల ఎక్కింది, కారణం అడగలేదు. సాయంత్రం చంద్రుణ్ణి చూడాలి. అక్కడ ఆకాశమంతా మబ్బు. గుడివాడలో మేడెక్కి శేషారత్నంగారు ఫోన్ పైకెత్తితే, చిల్లగింజంత తెల్లటి చుక్క ఒకటి కనిపించింది. అది వీధిదీపమేమోనని నాకు అనుమానం. మృదుల దణ్ణం పెట్టుకుంది.

మొదటి అట్టు నన్ను పట్టుకుని వదల్లేదు. రెండోది చిరిగింది. ఫణి ఆ ముక్కల్ని గీకి, మాట్లాడకుండా తినేశాడు. అట్లకాడ అందుకోబోయి, చేయి వెనక్కి తీసుకున్నాడు. మూడోదానికి నా ఒంట్లో ఏదో పాత సంగతి గుర్తొచ్చినట్టయింది. అంచులు వాటంతటవే లేచాయి. మృదుల తిరగేసింది. ఎవరూ ఊపిరి తీయలేదు, ఫోన్లో ఆవిడతో సహా.

నైవేద్యం పెట్టాక శేషారత్నంగారు, ఏమే, గడువైపోయింది, ఏం చెప్తావు అంది. ఫణి నేల చూశాడు. మృదుల చివరి అట్టు అతని పళ్ళెంలో వేసి, అతనితోనే అంది.

"చపాతీలకి వేరే పెనం కొనుక్కో."

"కొంటాను," అన్నాడతను తలవంచుకుని. "మా ఇంట్లోనే ఉంచుకుంటాను. ఇక్కడికి తీసుకురాను."

"ఇక్కడే పెట్టు. దీని పక్కన చోటుంది."

అతను అట్టు ముక్క పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అతనికి ఇంకా అర్థం కాలేదు. గుడివాడలో మాత్రం, ఇందూ, ఆ పంచాంగం ఇటు తే అని కేక వినిపించింది.

మాఘంలో గుడివాడ వెళ్ళి పెళ్ళి చేసుకుని వచ్చారు. మృదుల ల్యాబుకి వెళ్తోంది, బస్సులో ఇప్పుడు తనే ఎవరి పక్కనా కూర్చోవడం లేదు. నా పక్కన చపాతీ పెనం ఒకటి చేరింది. పల్చటిది, చిన్నవాడు, ఇట్టే వేడెక్కి ఇట్టే చల్లారతాడు, పొయ్యి ఎక్కడానికి తెగ ఉబలాటం. మొదట్లో నాకు నచ్చలేదు. కానీ వాడిలో ఒక మంచి గుణం చూశాను. నేను పొయ్యి మీద ఉన్నంతసేపూ, తన వంతు వచ్చేదాకా, గోడకి ఆనుకుని నిలబడతాడు.