పనికిరావనుకున్న నీళ్లు

శుక్రవారం సాయంత్రం మరియమాత గుడిలో పిల్లలకి సత్యోపదేశం జరుగుతున్నప్పుడు మరిడమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. ఆ చీపురు ఆగడమనేది ఊళ్లో ఎవరూ చూడని వింత. గంగువలస గుడిని ఇరవై రెండేళ్లుగా ఆవిడే ఊడుస్తోంది, గంట కొడుతోంది, ఫాదర్ గారు రాని వారాల్లో జపాలు చెప్పిస్తోంది, వచ్చిన వారాల్లో ఆయనకి కూడా నాలుగు చీవాట్లు పెడుతోంది. జ్ఞానస్నానంలో ఆగ్నేసమ్మ అని పేరు పెట్టారు గానీ ఆ పేరు రిజిస్టరు దాటి బయటికి రాలేదు.

బలిపీఠం మెట్ల దగ్గర తొమ్మిదిమంది పిల్లలు కూర్చున్నారు. ఆదివారం వాళ్లకి తొలి సత్ప్రసాదం, పూజలో పంచే అప్పాన్ని మొదటిసారి నోట పెట్టుకునే రోజు. ఫాదర్ శౌరయ్య గుంటూరు వైపు మనిషి, ఈ విచారణకి, అంటే ఈ చుట్టుపక్కల గుళ్లన్నిటికీ, గురువుగా వచ్చి ఏడాది కాలేదు. పిల్లలకి చెప్పడమంటే ఆయనకి ప్రాణం.

"సిలువ మీద జరిగింది ఎప్పుడో అయిపోయిన కథ అనుకుంటున్నారా? కాదర్రా. పూజలో ఆ బలే ఈ పీఠం మీద మన ముందుకొస్తుంది. మనం ఆ సిలువ కిందే నిలబడతాం. జ్ఞానస్నానమూ అంతే. నీళ్లలోకి దిగినవాడు ఆయన చావులోకి దిగి, ఆయనతోనే లేస్తాడు. ఊరికే గుర్తు చేసుకోవడం కాదు, నిజంగా జరుగుతుంది."

"పాలతో ఇవ్వచ్చా ఫాదర్?" అని అడిగింది యమున. ఏడేళ్ల పిల్ల, నోరు మాత్రం డెబ్భై ఏళ్లది.

"ఇవ్వకూడదు. పాలు, నూనె, పన్నీరు, కొబ్బరి నీళ్లు, ఏవీ పనికిరావు. ప్రభువు ప్రక్కలోంచి కారినవి నీళ్లు. ఆయన పెట్టిన గుర్తు అది. వేరేదాంతో ఇస్తే జ్ఞానస్నానం అందనట్టే. దాని తర్వాత తీసుకునేవీ అందవు."

కొబ్బరి నీళ్ల మాటకి పిల్లలు కిసుక్కున నవ్వారు. చుట్టూ కొబ్బరితోటలున్న ఊరు మరి. నవ్వినవాళ్లలో యమున కూడా ఉంది. మరిడమ్మ చేతిలో చీపురు ఆగింది ఆ మాటకే. బయట సముద్రం హోరు ఆ పూట మరీ దగ్గర్నించి వినిపిస్తోంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని పొద్దుటినుంచి అందరి ఫోన్లూ కూస్తూనే ఉన్నాయి.

ఏడేళ్ల కిందట తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిచెట్లని నేలకేసి కొట్టిన పొద్దున్నే యమున పుట్టింది. ఆసుపత్రికి దారి లేదు. పక్కింటి పిల్ల ఈశ్వరికి మరిడమ్మే పురుడు పోసింది. ఈశ్వరి స్పృహ లేకుండా పడి ఉంది. బిడ్డ ఏడవలేదు, ఒళ్లంతా నేరేడుపండు రంగుకి తిరిగింది. ప్రాణం పోతున్న బిడ్డకి ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వచ్చని మరిడమ్మకి తెలుసు. చెప్పాల్సిన మాటలూ తెలుసు. ఈశ్వరి ఇంట్లో కడవలు గోడ కూలి పగిలిపోయాయి. వాన అప్పటికే వెలిసింది. పెరట్లో నుయ్యి నిండుగా ఉంది గానీ అందులోకి బురదా సముద్రపు నీళ్లూ వచ్చి చేరాయి. పైన ఒక చచ్చిన దూడ తేలుతోంది.

ఆ నీళ్లు దేవుడి పేరు మీద పసిబిడ్డ నెత్తిన పోయడానికి ఆవిడకి చేతులు రాలేదు. ఆవిడ పుట్టింటివాళ్లు ఊరమ్మకి కొబ్బరి నీళ్లతో స్నానం చేయించేవాళ్లు. ఎవరి చెయ్యీ, ఎవరి ఎంగిలీ తగలని నీళ్లు అవి. అంతకన్నా శుద్ధమైనవి భూమ్మీద లేవన్న సంగతి చిన్నప్పుడే ఆవిడకి ఒంటపట్టింది. కాళ్ల దగ్గర రాలిన బొండాలు కోకొల్లలు. కత్తితో ఒకటి కొట్టి, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున అంటూ, ఒక్క మాట తప్పకుండా మూడుసార్లు పోసింది. మూడో ధారకి బిడ్డ కేరుమంది.

ఊరంతా కథలు కథలుగా చెప్పుకుంది. అప్పటి ఫాదర్ గారు మాటలు సరిగ్గా పలికావా అని అడిగారు గానీ దేంతో పోశావని అడగలేదు. తర్వాత బిడ్డకి గుడిలో నూనె రాసి, తెల్లగుడ్డ కప్పి, మరిడమ్మ పేరే ఆ బిడ్డకి పూచీ నిలిచే జ్ఞానతల్లిగా రిజిస్టర్లో రాసుకున్నారు. ఏడేళ్లుగా ఆవిడ ఆ గొప్పతోనే బతికింది. అదంతా ఇప్పుడు ఒక్క మాటతో కూలిపోయింది.

శనివారం పొద్దున్న తలంటుతానని యమునని నూతి దగ్గరికి పిలిచింది. చెంబు ఎత్తింది. పెదాలు కదిలాయి.

"ఏటి అమ్మమ్మా, తలంటుతూ జపం సెప్తన్నావు?" అంది యమున, సబ్బు నురగలోంచి ఒక కన్ను తెరిచి.

చెంబు దించేసింది. ఇప్పుడు పిల్ల ప్రాణం మీదకేమీ రాలేదు. తన పరువు కాపాడుకోవడానికి దొంగచాటుగా ఇచ్చేదేనా జ్ఞానస్నానం? తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం పాపసంకీర్తనాలు, ఫాదర్ చెవిన ఒక్కొక్కరూ తమ పాపాలు ఒప్పుకోవడం, మొదలయ్యాయి. వరసలో అందరికన్నా చివర మరిడమ్మ వెళ్లి, జాలీ తెర ముందు మోకరించింది.

"సామీ, ఏడేళ్ల కిందట ఒక బిడ్డకి నాను కొబ్బరి నీళ్లతో జ్ఞానస్నానం ఇచ్చేసినాను. ఆ బిడ్డ రేపు సత్ప్రసాదం తీసుకుంటాది."

తెర అవతలినుంచి ఫాదర్ అడిగాడు. "నీళ్లు దొరకలేదా అమ్మా?"

"నూతి నిండా ఉన్నాయి. అందల దూడ సచ్చి ఉన్నాది సామీ. ఆ మురికి దేవుడి పేరు మీద ఎలగ పొయ్యను?"

"ప్రభువు యొర్దాను నదిలోకి దిగినప్పుడు అందులో ఉన్నవి ఊరందరి పాపాలూ కడిగిన నీళ్లేనమ్మా. మన మురికి కోసమే దిగొచ్చినవాడు మీ నూతిని చూసి వెనక్కి పోతాడా?"

మరిడమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దేవుణ్ణి శుభ్రంగా ఉంచబోయి, పిల్లకి దేవుణ్ణి దూరం చేసింది తను.

"ఇప్పుడు జాగ్రత్తగా వినండి," అన్నాడాయన. "ఇక్కడ విన్నది నేను బయట ఎరగను. ఎవరికీ చెప్పలేను. బయట మిమ్మల్ని కూడా అడగలేను. రేపు ఆ పాప నా ముందుకొచ్చి నిలబడినా, ఇక్కడ విన్నదాన్ని బట్టి నేను ఆపలేను. నా ప్రాణం పోయినా ఆపకూడదు. మీరే బయటికొచ్చి, నాకూ ఆ తల్లికీ మళ్లీ చెప్పాలి. చెప్తారా?"

"సెప్తాను సామీ."

ఆయన పాపవిమోచనం ఇచ్చాడు. ఆవిడ నిజంగానే చెబుదామని లేచింది. గుమ్మం దగ్గర ఈశ్వరి తెల్లగౌను పట్టుకుని ఎదురొచ్చింది.

"పిన్నీ, సూడు, గౌను సరిగ్గా సరిపోయినాది. రేపు దాని పక్కన నువ్వే నిలబడాల. నువ్వు లేకపోతే నాకీ పిల్ల ఎక్కడిది?"

"బాగున్నాదమ్మా," అంది మరిడమ్మ. చెప్పాల్సింది చెప్పకుండా గౌను మడతలు సవరించింది. వెనకే ఫాదర్ వచ్చాడు. ఆయన ఒక్క మాట కదిపితే చాలు, అక్కడే చెప్పేసేది. "వాన వచ్చేలా ఉంది, కిటికీలు బిగించండమ్మా," అన్నాడాయన. ముఖంలో ఏమీ లేదు. తన నోటినుంచి ఏదీ విననివాడి ముఖం అది. సముద్రం హోరు కన్నా ఆ ముఖమే ఆవిడని ఎక్కువ భయపెట్టింది. అంత చదివినాయన తెల్లారేలోగా ఏదో ఉపాయం చూడకపోతాడా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఆపలేనని ఆయన చెప్పిన మాటని చెవిన పెట్టలేదు.

ఆదివారం తెల్లారేసరికి ఆకాశం సీసపు రంగులో ఉంది. సాయంత్రానికి తుపాను తీరం దాటుతుందన్నారు. పూజ అవగానే అందరూ షెల్టరుకి వెళ్లాలని దండోరా వేశారు. కరెంటు పోయింది. గుడి పైరేకులు గాలికి దబదబ కొట్టుకుంటున్నాయి. యమున తొమ్మిదిమందిలో ఐదోది.

ఫాదర్ అప్పాన్ని పైకెత్తాడు. "ఇది మీకొరకు అప్పగింపబడు నా శరీరము." గంట కొట్టాల్సింది మరిడమ్మే. కొట్టింది. ఇన్నేళ్లలో వేలసార్లు కొట్టిన గంట, ఈసారి ఆ చప్పుడు ఆవిడ ఎముకల్లోకి దిగింది. ఆ సిలువ ఇక్కడే ఉంది. ఆయన అందరి కోసం ఇప్పుడే చేతులు చాపి ఉన్నాడు. ఆ చేతులకీ యమునకీ మధ్య తను అడ్డంగా నిలబడి ఉంది.

వరస కదిలింది. ఒకరు. ఇద్దరు. ఫాదర్ ఒక్కసారైనా తన వైపు చూస్తాడేమోనని చూసింది. ఆయన చూడలేదు. నాలుగో పిల్ల పక్కకి తప్పుకుంది. యమున చేతులు జోడించి, నోరు తెరిచి నిలబడింది. ఆయన అప్పాన్ని ఆ పిల్ల ముందుకి ఎత్తి పట్టుకున్నాడు. ఆయన ఆపడు. ఆపలేడు.

"క్రీస్తు..." అన్నాడు ఫాదర్.

"ఆగండి!"

గుడంతా వెనక్కి తిరిగింది. మరిడమ్మ గంట వదిలేసి ముందుకొచ్చింది. "సామీ, ఆ పిల్లకి ఇవ్వకండి. ఈశ్వరీ, నాను నీ కూతురికి పోసింది కొబ్బరి నీళ్లు. మీ నుయ్యి మురికైపోయినాదని ఆ నీళ్లు ముట్టలేదు. అది జ్ఞానస్నానం కాదే. నీ పిల్లకి ఏదీ అందలేదు. తప్పు నాది."

ఫాదర్ అప్పాన్ని మెల్లగా పాత్రలో పెట్టాడు.

"విన్నానమ్మా," అన్నాడు, ఆ మాట మొదటిసారి విన్నవాడిలాగే.

ఈశ్వరి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "ఏడేళ్లు! ఈలోగా నా పిల్లకి ఏటైనా అయ్యుంటే?"

ఇప్పుడే జ్ఞానస్నానం ఇవ్వనా అని ఫాదర్ ఈశ్వరిని అడిగాడు, యమునని అడిగాడు. తల్లి తలూపింది. "కావాలి," అంది యమున, గట్టిగా. నీళ్లు కావాలి. కుళాయి రావడం లేదు. ఉన్నది పక్కనే ఈశ్వరి ఇంటి నుయ్యి.

మరిడమ్మ బకెట్ పట్టుకుని వానలోకి పరుగెత్తింది. అదే నుయ్యి. కొత్తవానకి నీళ్లు ఎర్రబడి ఉన్నాయి, ఆకులూ ఇసకా తేలుతున్నాయి. ఈసారి ఆవిడ ఆగి చూడలేదు. తోడి తెచ్చింది. గుమ్మం దగ్గర ఈశ్వరి ఎదురొచ్చి, ఒక్క మాట లేకుండా బకెట్ చేతిలోంచి లాక్కుని లోపలికి వెళ్లిపోయింది. ఇరవై రెండేళ్లు ఊడ్చిన గుమ్మం దాటడానికి మరిడమ్మకి ధైర్యం చాల్లేదు. వానలోనే నిలబడింది.

కాసేపటికి ఈశ్వరి మళ్లీ వచ్చింది. ముఖంలోకి చూడలేదు.

"జ్ఞానతల్లి సెయ్యి ఎయ్యాలంట. రా."

"జ్ఞానతల్లి ఇంకా నానేటి?"

"నీ మీద కోపం నాకు సచ్చినా పోదు. రా."

మరిడమ్మ తడి చెయ్యి యమున భుజం మీద వేసింది. ఫాదర్ పోశాడు. పిత నామమున. పుత్ర నామమున. పవిత్రాత్మ నామమున. పిల్ల ఏడవలేదు, అరవలేదు. సముద్రం మాత్రం హోరెత్తుతూనే ఉంది. మూడో ధార నెత్తి మీంచి జారి మరిడమ్మ వేళ్ల మీదుగా కారింది. చల్లగా, గరగరలాడుతూ.

యమున కళ్లు నులుముకుంది. "ఇసక ఉన్నాది అమ్మమ్మా."

"ఉంటే ఉండనీవే," అంది మరిడమ్మ, ఆ చెయ్యి తియ్యకుండా.