ఆవిరిగదిలో బట్టలున్న మనిషి

మా పేట సౌనాలో శుక్రవారం సాయంత్రం ఆడవాళ్ళ వంతు. మా టాంపెరే ఊళ్ళో వాన కురిసినా మంచు కురిసినా ఆ పూట మేం ఆవిరిగదిలో పై మెట్టు మీదే ఉంటాం. బస్సు నడిపే సిర్కా కూర్చుంటే మెట్టు సగం నిండిపోతుంది. ఎనభై దాటిన వియెనో మామ్మ మామిడి ఒరుగులా ఓ మూలకి ఒదిగిపోతుంది. నేను మాత్రం పొయ్యి పక్కనే. రాళ్ళ మీద నీళ్ళు పోసే గరిటె ఇంకొకరి చేతికివ్వడం నాకు ఇష్టం ఉండదు.

మా ఒంట్లో దాచుకోవాల్సింది ఏదైనా ఉందని మాకెప్పుడూ తోచలేదు. అందుకే విల్యా వచ్చి, మనిషి ఒళ్ళు ఎన్ని రకాలుగా అందంగా ఉంటుందో ఫొటోలు తీస్తాను, మేం బట్టలు మార్చుకునే గదిలో గోడకి పెడతాను అన్నప్పుడు ముందు చెయ్యెత్తింది నేనే.

విల్యా మాకు కొత్త కాదు. ఈ మెట్ల మీదే చెమటలు కార్చి పెరిగింది. రెండేళ్ళ కిందట ఆపరేషన్ అయ్యాక రావడం మానేసింది. ఒక రొమ్ము తీసేశారని అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు. ఇప్పుడు కెమెరా వంకనైనా వచ్చిందని సంతోషించాం. కానీ ఆవిరిగదిలోకి కూడా మెడదాకా కోటు గుండీలు పెట్టుకునే వచ్చింది.

పని తెలిసిన మనిషే. అద్దానికి ఆవిరి పట్టకుండా కెమెరాని ముందుగా వెచ్చటి చోట పెట్టి ఉంచేది. అయినా ఫొటోలు చూస్తే నాకు ఏడుపొచ్చింది. సిర్కా పొట్ట లోపలికి పీల్చుకుని ఊపిరాడనట్టు ఉంది. మామ్మ చేతులు ఒళ్ళో కట్టేసుకుంది. నేనైతే పాస్‌పోర్టులో ఎలా ఉంటానో అలాగే ఉన్నాను, బట్టలు తప్ప.

"ఇవి గోడకి పెట్టను. నాకు చేతకావడం లేదు, వచ్చే వారం నుంచి రాను," అంది విల్యా.

ఈసారి వెళ్ళిందంటే ఇక తిరిగి రాదు. నాకు ఒళ్ళు మండింది.

"చేతకాక కాదు. నువ్వు వచ్చేదాకా మాకు బట్టల్లేవన్న సంగతి మాలో ఎవరికీ గుర్తుండదు. నువ్వలా కోటేసుకుని నిలబడితే సోదాకొచ్చిన అధికారిలా ఉంటావు," అన్నాను.

"నోరు కాస్త అదుపులో పెట్టుకోవే," అంది సిర్కా.

విల్యా బయటికి వెళ్ళిపోయింది. నోరా వీపుకు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు. నా మీద నాకే కోపమొచ్చి ఓ గరిటెడు నీళ్ళు రాళ్ళ మీద కొట్టాను. అందరి చెవులూ కాలాయి.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. విల్యానే. మెడలో కెమెరా తప్ప ఒంటి మీద నూలుపోగు లేదు.

ముగ్గురం ఒక్కసారే తల తిప్పి పొయ్యి వైపు చూశాం. ఆవిరిగదిలో ఎదుటి మనిషి ఒంటిని తేరిపార చూడకూడదన్నది మాకు ఉగ్గుపాలతో వచ్చిన మర్యాద. ఆ పూట ఆ మర్యాద మరీ ఎక్కువైంది. ఆ రాళ్ళని జన్మలో మొదటిసారి చూస్తున్నట్టు చూశాం.

"ఇదిగో, ఇందుకే మానేశాను," అంది విల్యా. "మా ఇంట్లో కూడా నేను బట్టలు మార్చుకుంటుంటే అందరూ కిటికీలోంచి బయటికే చూస్తారు. ఇన్ని వారాలు నేను మిమ్మల్ని చూశాను కదా. ఒక్కసారి మీరూ నన్ను చూడండి."

చూశాం. ఎడమవైపు చదునుగా, అడ్డంగా పొడుగాటి గీత. కుడివైపుది దాని మానాన అది ఉంది.

మామ్మ మెడ చాచి, కొట్లో గుడ్డ నాణ్యం చూసినట్టు చూసింది.

"కుట్టు బాగుంది పిల్లా. మీ డాక్టరెవరో చెయ్యి తిరిగినవాడు. నా పొట్ట కుట్టినవాడు బంగాళదుంపల బస్తా అనుకున్నాడు, చూడు," అంటూ చేతులు తీసి చూపించింది. "మా పెద్దోడు ఇందులోంచే వచ్చాడు. వాడూ దుంపలానే ఉండేవాడు."

సిర్కా పొట్ట బిగబట్టడం మరిచిపోయి విరగబడి నవ్వింది. మెట్టంతా ఊగింది. విల్యా కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ కెమెరా ఎత్తింది.

గోడకెక్కింది ఆ ఒక్క ఫొటోనే. సిర్కా పొట్ట, మామ్మ కుట్టు, బార్లా తెరిచిన నా నోరు, అన్నీ ఉన్నాయి. ఫొటో పెట్టిన రోజున వచ్చినవాళ్ళందరికీ మా ఊళ్ళో చేసే నల్ల సాసేజీలు పెట్టాం. పేటకి కొత్తగా వచ్చిన ఒకావిడ ఫొటో ముందు చాలాసేపు నిలబడింది.

"వీళ్ళు ఇంత ప్రేమగా ఎవర్ని చూస్తున్నారండీ?" అని అడిగింది.

"నన్నే," అంది విల్యా, సాసేజీ నములుతూ.