నాలుగో అంతస్తులో మట్టి క్లాసు

ఆకారం ఇవ్వాలట, బాధకి ఆకారం ఇవ్వాలట, చెప్పడానికేం, మెడలో చెక్కపూసల దండ వేసుకుని చేతికి మట్టి అంటకుండా బల్లల మధ్య తిరుగుతూ ఎన్నయినా చెప్తుంది ఈ బొమ్మల మేడమ్, ఆ రోజుల్లో నువ్వెక్కడున్నావమ్మా తల్లీ అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను, పైవాళ్ళ ఉత్తర్వు మరి, కోవిడ్ వార్డులో చేసిన నర్సులందరూ బుధవారం మధ్యాహ్నం రెండు గంటలు మట్టి పిసకాలి, మనసు తేలికవుతుందట, ఆ రెండు గంటలు ఇంటికి పంపితే ఒళ్ళయినా తేలికయ్యేది, పైగా క్లాసుకి ఇంకెక్కడా చోటు లేనట్టు ఈ నాలుగో అంతస్తే దొరికింది, మంచాలు తీసి బల్లలు వేస్తే సరా, గోడకి ఆక్సిజన్ గొట్టాలు అలాగే ఉన్నాయి, నా కుర్చీ వేసింది సరిగ్గా తొమ్మిదో మంచం ఉన్నచోట, పక్కన హెడ్ సిస్టర్ పువ్వు చేస్తోంది, ఆ రోజుల్లో స్టోర్‌రూమ్‌లో తలుపేసుకుని వెక్కివెక్కి ఏడ్చిన మనిషి, ఎలా ఉందో చూడవే అంటోంది, బాగుందక్కా అన్నాను, క్యాబేజీలా ఉంది.

నేనేం చెయ్యను, చెయ్యనని భీష్మించుకునే కూర్చున్నాను, చేతులే నా మాట వినలేదు, ముద్దని అటూ ఇటూ నొక్కుతుంటే గడ్డం వచ్చింది, కాస్త పక్కకి ఒరిగిన ముక్కు వచ్చింది, ఎవరిదో తెలుస్తూనే ఉంది, తొమ్మిదో మంచం టైలర్ బాబాయ్, నా తెల్ల పీపీఈ సూటు చూసి, ఇది కుట్టినవాడెవడమ్మా, చంకలో బిగేశాడు, నేను లేచాక తీసుకురా, వదులు చేసిస్తా అనేవాడు, ముందు మీరు ఊపిరి తీసుకోండి బాబాయ్ అంటే, అది మీ పని, కుట్టు నా పని అనేవాడు, మేడమ్ వచ్చి నా వెనక నిలబడింది, వెళ్ళు, వెళ్ళిపో, వెళ్ళదు, ఎంత బాగా వచ్చిందండీ, నోరొక్కటే మర్చిపోయారు, పెట్టండి, నవ్వుతున్నట్టుంటారు అంది.

నవ్వాలట, ఆ ఉదయం ఇరవైరెండు మంది రోగులు, నేనొక్కదాన్ని, సూటులో చెమట కళ్ళలోకి కారుతోంది, ఆయన ఆక్సిజన్ మాస్కు పైకెత్తాడు, అమ్మా ఒక్కమాట అన్నాడు, పెట్టాను, మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ పెట్టాను, మూడోసారి అరిచాను, నోరు మూసుకుని పడుకోండి, చావాలనుందా అని, ఆయన నావైపే చూస్తూ మాస్కు తానే పెట్టుకుని పట్టీలు సరిచేసుకున్నాడు, బుద్ధిగా, నేను పదకొండో మంచం దగ్గరికి పరిగెత్తాను, తిరిగొచ్చేసరికి అయిపోయింది, తర్వాత ఆయన భార్య ఫోన్‌లో, చివర్లో ఏమైనా అన్నారా సిస్టర్ అని అడిగింది, ఏమీ అనలేదండీ, నిద్రలోనే పోయారు అన్నాను, పెట్టండి మరి అంటోంది మేడమ్, పెట్టను, గట్టిగానే అన్నాను, అందరూ తలలెత్తారు, హెడ్ సిస్టర్ నా మోచెయ్యి పట్టుకుంది, ఏమైందే అంది, ఏమీ కాలేదక్కా అన్నాను, నేను నోరు పెడితే అది పర్లేదులే అమ్మా అంటుంది, నాకు కావలసింది అదే కాబట్టి అదే అంటుంది, ఆయన ఆ మాట అనలేదు, చెప్పబోయింది వేరే ఏదో, ఇంటికి చెప్పమన్న మాటో, మంచినీళ్ళో, ఆ ఒక్కమాట ఏమిటో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు, ఆయన చెప్పబోయాడు, నేను విననన్నాను.